పాత చర్చీలు, సమాధి రాళ్ళు, మన చరిత్ర

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఏ పాత ఊరికి వెళ్ళినా ముందుగా కంటబడేది చర్చి శిఖరం. దాని పక్కనో వెనకనో పచ్చిక మధ్య వరుసగా నిలబెట్టిన రాతి పలకలు కనిపిస్తాయి. మన కుటుంబాలు సెలవులకు నయాగరా చూస్తాయి, వాషింగ్టన్ చూస్తాయి, డిస్నీ లోకం చూస్తాయి. ఈ పాత చర్చీల ముందు మాత్రం కారు ఆగడం అరుదు. అందుకు రెండు కారణాలున్నాయి. "అది మన మతం కాదు గదా" అన్నది మొదటిది. "పిల్లల్ని శ్మశానానికి తీసుకుపోవడమేమిటి?" అన్నది రెండోది. రెండూ పెద్దల నోట విన్న మాటలే. వాటిని తేలిగ్గా తీసిపారెయ్యవలసిన పని లేదు. అయినా ఆ జంకు దాటి లోపలికి వెళితే మనకు పనికివచ్చే చరిత్ర అక్కడ చాలా ఉంది. అందులో కొంత సాక్షాత్తూ తెలుగుదేశపు చరిత్రే. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకూ, వారి పిల్లలకూ ఆ సంగతి తెలియజెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనానికి లిపి వస్తే చాలు

మొదటి అభ్యంతరం సంగతి చూద్దాం. ద్రాక్షారామంలో భీమేశ్వరాలయపు గోడల మీదా స్తంభాల మీదా వందలకొద్దీ శాసనాలున్నాయి. ఎవరు ఏ భూమి దానం చేశారు, అఖండ దీపానికి ఎవరేమిచ్చారు, అప్పటి రాజెవరు, ఆ ఏటి శకసంవత్సరమేది, అన్నీ ఆ రాళ్ళే చెబుతాయి. మన ప్రాచీన చరిత్రలో చాలా భాగం ఇటువంటి గుడిగోడల నుంచే తేలింది. వాటిని చదివిన పండితుల్లో శివభక్తులున్నారు, వైష్ణవులున్నారు, క్రైస్తవులున్నారు, ఏ దేవుణ్ణీ నమ్మనివారూ ఉన్నారు. శాసనం చదవడానికి లిపి వస్తే చాలు. భక్తి ఉన్నా లేకపోయినా రాతి మీది అక్షరం మారదు.

వెనుకటి రోజుల్లో మన ఊళ్ళలో కరణాల ఇళ్ళలో దండకవిలెలుండేవి. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువెవరు తవ్వించారు, ఏ ఏడు కరువు వచ్చింది, ఇవన్నీ అందులో రాసి ఉంచేవారు. కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించినప్పుడు ఈ కవిలెలే వారికి ఆధారమయ్యాయి. అమెరికాలోని పాత ఊళ్ళకు కరణాలు లేరు. ఇక్కడ పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసిపెట్టే పని చాలాచోట్ల చర్చి రిజిస్టరు చేసింది. దాన్ని తెరిచే అవకాశం లేనివారికి బయట సమాధి రాయి ఉండనే ఉంది. కాబట్టి పాత చర్చి ఆవరణను ఆ ఊరి దండకవిలె అనుకొని లోపలికి వెళ్ళవచ్చు. మోకరిల్లమని ఎవరూ అడగరు.

పరమతస్థుల సమాధిని ఆదరించడం తెలుగునాట కొత్త సంగతీ కాదు. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం కొలువులో సైన్యం నడిపి 1798లో చనిపోయాడు. ఆయన్ని ముస్లిములు మూసా రహీం అనీ హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారు. మూసారాంబాగ్ అన్న పేరు ఆయన పేరున వచ్చిందే. చాలాకాలం ఆయన వర్ధంతినాడు జనం సమాధి దగ్గరికి చేరి దీపాలు పెట్టేవారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు గుత్తిలో పూడ్చారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. రాయలసీమలో మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారని చెబుతారు. ఆ దీపాలు పెట్టినవారెవరూ ఫ్రెంచివాడి మతంలో కలవలేదు. ఆ పేర్లు పెట్టుకున్నవారెవరూ దొర మతంలోకి పోలేదు.

మైల మాట

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. శ్మశానం మనకు మైల. శవం వెంట వెళ్ళినవాడు స్నానం చేసిగాని గడప లోపల అడుగు పెట్టడు. వల్లకాడు, కాడు, రుద్రభూమి అన్న మాటలు పిల్లల ముందు పలకడానికి కూడా పెద్దలు జంకుతారు. అయితే ఆ రుద్రభూమిలో కాపురమున్నవాడే మన శివుడు. వేమన సమాధి ఉన్నదని కటారుపల్లెకు వెళతాం. వీరబ్రహ్మంగారి సమాధికి కందిమల్లాయపల్లె వెళతాం. రాఘవేంద్రస్వామి బృందావనానికి మంత్రాలయం వెళతాం. పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరులకు కారంపూడిలో ఈనాటికీ ఏటా ఉత్సవం జరుగుతుంది. మనలో పూడ్చే ఆచారమున్న కులాలూ తక్కువేం కాదు. సమాధి మనకు పరాయి వస్తువని అనుకోవడం పొరపాటు.

ఇంకొక సంగతి. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను కోసం తెల్లవార్లూ నిద్ర మానుకుని కూర్చున్న జనమే మనం. ఆ సీనులో నటులు రాగం తీసి పాడే పద్యాల్లో మంచి పేరొందినవి గుర్రం జాషువ 'శ్మశానవాటిక'లోవి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ క్రైస్తవ కవి పద్యాలను హరిశ్చంద్రుడి నోట విని తెలుగువారు కన్నీరు పెట్టుకున్నారు. కవి మతమేమిటని ఆ రాత్రి ఎవరూ అడగలేదు. ఆ మనసుతోనే ఇక్కడి సమాధుల తోటలోకి అడుగు పెట్టవచ్చు. ఇంటికి వచ్చి స్నానం చేయాలనిపిస్తే చేయవచ్చు. చరిత్ర దానికి అడ్డు చెప్పదు.

రాయిని చదివే పద్ధతి

ఇక అక్కడ ఏం చూడాలి? బోస్టన్ నగరం నడిబొడ్డున గ్రేనరీ అనే సమాధుల తోట ఉంది. 1660 నాటిది. శామ్యూల్ ఆడమ్స్, జాన్ హాన్‌కాక్, పాల్ రివియర్ వంటి స్వాతంత్ర్య వీరులు అక్కడే ఉన్నారు. 1770లో బ్రిటిషు సైనికుల కాల్పుల్లో చనిపోయిన క్రిస్పస్ అటక్స్ కూడా అక్కడే ఉన్నాడు. అతడు నల్లజాతివాడు. పేరున్నవారి సమాధులు చూసి వెంటనే వచ్చేస్తే సగమే చూసినట్టు. పేరులేని రాళ్ళ దగ్గర కాసేపు నిలబడాలి.

ముందు రాయి రకం చూడాలి. అక్కడి చాలా పాత రాళ్ళు పలకరాతివి. మూడు వందల ఏళ్ళయినా అక్షరం చెక్కుచెదరలేదు. తరవాతి కాలంలో పాలరాయి వచ్చింది. చూపుకు తెల్లగా బాగున్నా వానలకు కరిగి, ఇప్పుడు దాని మీద పేరు కూడా కూడబలుక్కోవలసి వస్తుంది. ఆ తరవాత గ్రానైట్ వచ్చింది.

పిమ్మట రాయి తలమీది బొమ్మ చూడాలి. అన్నిటికంటె పాతవాటి మీద రెక్కలున్న పుర్రె ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో మెల్లగా పుర్రె పోయి రెక్కలున్న పసిముఖం వస్తుంది. ఆ శతాబ్దం ముగిసేసరికి అదీ పోయి కలశమూ, కొమ్మలు వాలిన విల్లో చెట్టూ వస్తాయి. జేమ్స్ డీట్జ్, ఎడ్విన్ డెత్లెఫ్‌సెన్ అనే ఇద్దరు పరిశోధకులు 1960లలో మసాచుసెట్స్ సమాధులన్నీ తిరిగి ఈ మార్పును లెక్కకట్టారు. చావంటే భయపడిన తరం పుర్రె చెక్కించింది. పరలోకం మీద ఆశ పెరిగిన తరం పసిముఖం చెక్కించింది. పోయినవారిని తలచుకుని దుఃఖించే తరం వాలిన చెట్టును చెక్కించింది. మతం లోపల మనుషుల మనసు ఎలా మారుతూ వచ్చిందో ఏ గ్రంథమూ తెరవకుండానే తెలుస్తుంది.

చివరికి వయసులు చూడాలి. న్యూయార్కులో ట్రినిటీ చర్చి ఆవరణలో అన్నిటికంటె పాత రాయి 1681 నాటిది. అది రిచర్డ్ చర్చర్ అనే అయిదేళ్ళ పిల్లవాడిది. అదే ఆవరణలో 1804లో ద్వంద్వయుద్ధంలో చనిపోయిన అలెగ్జాండర్ హామిల్టన్ సమాధి ఉంది. ఆయనను చూడ్డానికి జనం బారులు తీరతారు. కాని ఆ కాలపు బతుకు ఎలాంటిదో చెప్పేది ఆ పసివాడి రాయే. 1735 నుంచి అయిదారేళ్ళపాటు న్యూ ఇంగ్లండులో గొంతు జబ్బు ఒకటి పిల్లల్ని ఊడ్చుకుపోయింది. ఒకే ఇంట్లో నలుగురైదుగురు పిల్లలు రోజుల తేడాతో పోయారు. మన ఊళ్ళలోనూ అమ్మవారు, కలరా అలాగే తీసుకుపోయాయి. మన తాతమ్మల నడిగితే "పదిమందిని కన్నాను, నలుగురు దక్కారు" అనేవారు. ఆ పోయిన ఆరుగురి పేర్లు ఎక్కడా లేవు. ఇక్కడి పిల్లలకు రాయైనా దక్కింది.

భవనాన్నీ ఈ దృష్టితోనే చూడవచ్చు. బోస్టన్ దగ్గర హింగం అనే ఊళ్ళో 1681లో కట్టిన ప్రార్థనా మందిరం ఉంది. లోపలి దూలాలు బోర్లించిన ఓడలా ఉంటాయి కనక ఓల్డ్ షిప్ చర్చి అన్న పేరు నిలిచింది. ఆ రోజుల్లో ఆదివారం ప్రార్థన జరిగినచోటే ఊరి పంచాయతీ కూడా జరిగేది. మనకు గుడి మండపం, రచ్చబండ విడివిడిగా ఉంటే వాళ్ళకు రెండూ ఒకే కప్పు కింద ఉండేవి. అమెరికా ప్రజాస్వామ్యం ఏ బల్లల మీద కూర్చుని మాట్లాడటం నేర్చుకుందో చూడాలంటే అక్కడికి వెళ్ళాలి.

బౌన్ వీధి పాఠం

న్యూయార్కులో ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్ళని తెలుగు కుటుంబాలు తూర్పు తీరంలో తక్కువ. ఒక రష్యన్ ఆర్థోడాక్స్ చర్చి ఉన్న స్థలం కొని కట్టిన ఆ గుడికి 1977 జూలై 4న కుంభాభిషేకం జరిగింది. గుడి ఉన్నది బౌన్ స్ట్రీట్ మీద. ఈ బౌన్ ఎవరని మన పిల్లలు అడిగితే చెప్పవలసిన కథ ఒకటుంది.

న్యూయార్కు డచ్చివారి చేతిలో ఉన్నప్పుడు స్టైవెసెంట్ అనే గవర్నరు క్వేకర్ల ప్రార్థనలను నిషేధించాడు. 1657 డిసెంబరులో ఫ్లషింగ్ వాసులు ముప్ఫైమంది అది అన్యాయమని మహజరు రాసి సంతకాలు పెట్టారు. సంతకాలు పెట్టినవారు క్వేకర్లు కారు. తమది కాని మతం కోసం నిలబడ్డారు. యూదుల మాటా తురకల మాటా కూడా అందులో ఎత్తారు. తరవాత 1662లో జాన్ బౌన్ అనే గృహస్థు తన ఇంట్లో క్వేకర్లను సమావేశం కానిచ్చాడని పట్టుకుని హాలండుకు పంపేశారు. అక్కడ కంపెనీ యజమానులకు తన మొర చెప్పుకుని గెలిచి తిరిగి వచ్చాడు. ఆయన ఇల్లు ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది. 1694లో కట్టిన క్వేకర్ల ప్రార్థనాశాల కూడా దగ్గరలోనే ఉంది. 1695లో చనిపోయిన బౌన్‌ను దాని వెనకనున్న సమాధుల తోటలోనే పూడ్చారు.

కాని ఆ తోటలో బౌన్ సమాధి రాయి కోసం వెతికితే దొరకదు. చచ్చినవాడికి రాయి పెట్టడం డాంబికమని పాత క్వేకర్ల నమ్మకం. అందువల్ల వెనుకటి తరాలవారి సమాధులకు గుర్తులే లేవు. మనం ఈ దేశంలో గుడి కట్టుకుని గంట కొట్టగలుగుతున్నామంటే, ఆ హక్కు కోసం ముందుగా కష్టపడ్డవారిలో ఒకడు ఆ గుడికి నడిచి వెళ్ళగల దూరంలో పేరు లేకుండా పడుకుని ఉన్నాడు. గణపతి దర్శనమయ్యాక పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళి పది నిమిషాలు నిలబెట్టడం భక్తికి లోటు కాదు.

అమెరికా మట్టిలో తెలుగు కథలు

బోస్టన్ గ్రేనరీ తోటను ఆనుకుని పార్క్ స్ట్రీట్ చర్చి ఉంది. 1831 జూలై 4న పిల్లలు అక్కడ ఒక కొత్త పాట పాడారు. 'అమెరికా' అన్న పేరుతో మన పిల్లలు బడిలో నేర్చుకునే దేశభక్తి గీతం అదే. రాసినవాడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. ఈయనకూ నెల్లూరుకూ సంబంధముందని చాలామందికి తెలియదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా మతంలో చేరినవారు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందే. 1853లో న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ తెలుగు మిషను మూసివేయాలా అన్న చర్చ వచ్చింది. పటం మీద ఒంటరి చుక్కలా ఉన్నదని ఎవరో అన్నమాట పట్టుకుని స్మిత్ ఆ రాత్రి 'ఒంటరి తార' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పద్యం రాసి సభలో వినిపించాడు. మిషను నిలిచింది. స్మిత్ 1895లో చనిపోయాడు. సమాధి బోస్టన్ పొలిమేరలో న్యూటన్ ఊరి తోటలో ఉంది. అమెరికా దేశగీతం రాసిన చెయ్యే నెల్లూరు మీద పద్యం రాసిందన్న సంగతి తెలిస్తే ఆ రాయి మనకు పరాయిది కాదు.

పెన్సిల్వేనియాకు పోదాం. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి ఆలయానికి వచ్చే భక్తులకు గంటన్నర కారు దూరంలో, సోమర్సెట్ కౌంటీలో, ఫ్రీడెన్స్ అనే చిన్న ఊరుంది. ఆ పేరుకు జర్మన్ భాషలో శాంతి అని అర్థం. అక్కడ భార్య సమాధి పక్కన హేయర్ అనే లూథరన్ పాస్టరు సమాధి ఉంది. జర్మనీలో 1793లో పుట్టి, పిల్లవాడిగా ఉన్నప్పుడే అమెరికా వలస వచ్చిన ఈయన భార్య పోయిన తరవాత 1841లో బోస్టన్‌లో ఓడ ఎక్కాడు. 1842 జూలై 31న గుంటూరు చేరాడు. తెలుగు నేర్చుకున్నాడు, బళ్ళు పెట్టాడు. వైద్యం రాకపోతే లాభం లేదని తిరిగి అమెరికా వచ్చి, యాభై దాటిన వయసులో వైద్య పట్టా తీసుకుని మళ్ళీ గుంటూరు వెళ్ళాడు. నలగాముడు ఏలిన గురజాలలో కాపురమున్నాడు. 1857లో తిరిగి వచ్చినా, 1869లో రాజమండ్రి మిషను చేజారిపోతుందని తెలిసి 76 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడ ఎక్కాడు. 1873లో ఫిలడెల్ఫియాలో చనిపోయాడు.

ఆయన వెళ్ళింది మతం మార్చడానికి. ఆ సంగతి దాచనక్కరలేదు. దాని మీద మనలో అభిప్రాయ భేదాలున్నాయి, ఉంటాయి. కాని ఆయన వేసిన బాట ఎక్కడికి పోయిందో కూడా చూడాలి. ఆ మిషనే 1885లో గుంటూరులో పెట్టిన కళాశాల ఆంధ్ర క్రైస్తవ కళాశాల అయింది. నందమూరి తారకరామారావు అక్కడ చదువుకున్నారు. సనాతన ధర్మం విషయంలో రాజీపడని విశ్వనాథ సత్యనారాయణ అక్కడ తెలుగు పాఠం చెప్పారు. కాటిసీను పద్యాల జాషువ గుంటూరులో లూథరన్ మిషను బడిలో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. ఫ్రీడెన్స్ ఊళ్ళోని ఆ రాయికీ, మన హరిశ్చంద్ర నాటకానికీ మధ్య ఇలా ఒక దారం ఉంది.

ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకున్న ఆనా కుగ్లర్ 1883లో గుంటూరు వెళ్ళారు. ఆమె కట్టించిన ఆసుపత్రి 1897లో తెరిచారు. గుంటూరు జిల్లాలో ఎన్ని ఇళ్ళలో తాతమ్మలు "కుగ్లరాసుపత్రిలో పుట్టాను" అని చెప్పుకున్నారో! ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. అదే ఫిలడెల్ఫియా కళాశాలలో 1886లో పట్టా తీసుకున్న మరాఠీ మహిళ ఆనందీబాయి జోషీ. మరుసటి ఏడే, ఇరవై రెండేళ్ళు నిండకుండా, క్షయతో పుణేలో చనిపోయింది. ఆమెకు అమెరికాలో ఆశ్రయమిచ్చిన కార్పెంటర్ అనే ఇల్లాలికి అస్థికలు పంపారు. ఆమె వాటిని న్యూయార్కు రాష్ట్రంలో పకీప్సీ ఊరి సమాధుల తోటలో తమ కుటుంబపు స్థలంలో ఉంచి రాయి నిలిపింది. దహనమైన హిందూ స్త్రీ అస్థికలకు క్రైస్తవ కుటుంబం సమాధుల మధ్య చోటు దొరికింది. ఎవరి మతమూ చెడలేదు. ఫిలడెల్ఫియాలో చదివి ఒకరు గుంటూరు మట్టిలో పని చేశారు, ఇంకొకరి అస్థికలు న్యూయార్కు మట్టిలో చేరాయి. లెక్క సరిపోయింది.

రాయి దక్కనివారు

రాళ్ళున్న తోటను చూసి మురిసిపోయేటప్పుడు రాళ్ళు లేనివారిని మరవకూడదు. 1697లో న్యూయార్కు ట్రినిటీ చర్చివారు నల్లవారిని తమ ఆవరణలో పూడ్చరాదని కట్టడి చేశారు. బానిసలుగా ఆ నగరాన్ని కట్టినవారు ఊరి బయట వేరే నేలలో తమవారిని పూడ్చుకున్నారు. తరవాత నగరం పెరిగి ఆ నేలమీద భవనాలు లేచాయి; జనం మరిచిపోయారు. 1991లో ప్రభుత్వ భవనానికి పునాదులు తవ్వుతుంటే అస్థిపంజరాలు బయటపడ్డాయి. 419 మంది అవశేషాలు తీశారు. 2003లో గౌరవంగా తిరిగి పూడ్చి, 2006లో ఆ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించారు. ట్రినిటీకి వెళ్ళినవారు ఆ చోటుకు కూడా వెళ్ళాలి. రెండూ కలిపి చూస్తేనే న్యూయార్కు చరిత్ర పూర్తవుతుంది.

ఇది చూసి అమెరికావారిని తప్పుపట్టే ముందు మన ఊళ్ళు గుర్తు తెచ్చుకోవాలి. మన ఊళ్ళలో బావి వేరు, వాడ వేరు, చివరికి వల్లకాడు కూడా వేరు. 1876 నుంచి 1878 వరకు వచ్చిన ఘోర కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తీసుకుని కూలి చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగవారు. వారికి అన్నం కావలసి వచ్చింది, అంతకంటె మనిషిగా లెక్క కావలసి వచ్చింది. చర్చి రిజిస్టరులో తండ్రి పేరుతో సహా తన పేరు రాయించుకున్నవాడికి ఆ పేజీ ఎంత విలువైందో మనం ఊహించుకోవచ్చు. చరిత్ర చదివేవాడు ఆ పేజీని తేలికచేసి మాట్లాడడు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

చర్చి లోపలికి చెప్పులు విప్పనక్కరలేదు. మగవారు టోపీ మాత్రం తీయాలి. ప్రార్థన జరిగే వేళ చూడ్డానికి వెళ్ళరాదు. సమాధుల తోటలు చాలావరకు పొద్దు వాలాక మూసేస్తారు. రాళ్ళ మీద ఆనుకోవద్దు, కూర్చోవద్దు. అక్షరాలు కనిపించడానికి సుద్దపొడి పూయడం, కాగితం పెట్టి రుద్దడం వల్ల పాత రాళ్ళు పెచ్చులూడతాయి. చాలాచోట్ల నిషేధం కూడా. నీడ ఏటవాలుగా పడే ఉదయం పూట వెళితే అక్షరాలు వాటంతట అవే కనిపిస్తాయి. ఫొటో తీసుకుంటే చాలు. మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే. సైనికుల సమాధులకు చిన్న జెండాలు పెట్టే ఆ రోజున వెళితే మన మహాలయ పక్షం గుర్తుకు వస్తుంది.

ప్రార్థనకు వచ్చేవారు తగ్గి ఈ దేశంలో చాలా పాత చర్చీలు మూతపడుతున్నాయి. కొన్ని అమ్ముడుపోతున్నాయి, కొన్ని కూలిపోతున్నాయి. వాటిని కాపాడే భారం ఇక ప్రార్థన చేయనివారి మీద కూడా పడుతుంది. మన ఊళ్ళో పాత చర్చి కప్పు బాగుచేయడానికి చందా అడిగితే పది డాలర్లిచ్చి రసీదు తీసుకోవడం పరమత ప్రచారం కాదు. ఊరి దండకవిలెకు అట్ట వేయించడం అది.

మన మాట

చివరికి మన సంగతి. మనలో ఎక్కువమందిమి దహనం చేసేవాళ్ళం. అస్థికలు గోదావరిలోనో కృష్ణలోనో కలుపుతాం. వీలుకాకపోతే ఇక్కడి ఏటిలోనో సముద్రంలోనో కలుపుతాం. రాయి మిగలదు. పాత క్వేకర్లలాగే మనకూ గుర్తు మీద మమకారం తక్కువ. అది మన ఆచారం, దాన్ని మార్చుకోనక్కరలేదు. కాని ఫలితమేమిటో తెలిసి ఉండాలి. 1922లో బోస్టన్ చేరిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు శరీరానికి శక్తినిచ్చే రసాయనాల రహస్యం విప్పాడు. ఆయన వెలికితీయించిన మందులు కోట్లమందిని బతికించాయి. ఆయన 1948లో చనిపోయాడు. 1953లో ఒక శిలీంద్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసీస్ అని నామకరణం చేశారు. అంతటి మనిషి పేరే ఒక బూజు పేరులో వెతుక్కోవలసి వస్తే తక్కినవారి మాటేమిటి?

1960లలో, 70లలో ఎనిమిది డాలర్లతో దిగి, ఇక్కడ ఇళ్ళు కట్టి, గుళ్ళు కట్టి, సంఘాలు పెట్టిన తరం ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వారిలో క్రైస్తవులకూ ముస్లిములకూ ఈ నేలలో రాళ్ళున్నాయి. వారి మనుమలు వెళ్ళి పేరు చదువుకోగలరు. తక్కినవారి మనుమలు ఎక్కడికి వెళ్ళి చదువుకోవాలి? ఫోనులోని ఫొటోలు ఫోనుతోపాటు పోతాయి. కాబట్టి ప్రతి తెలుగు సంఘమూ ఒక పుస్తకం పెట్టాలి. పోయినవారి పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, ఈ దేశానికి వచ్చిన ఏడు, చేసిన పని, పోయిన తేదీ, అస్థికలు కలిపిన చోటు, ఇవి రాస్తే చాలు. మతం, కులం అని చూడకుండా తెలుగువారందరికీ అందులో చోటుండాలి. తెలుగులో ఒక పంక్తి, ఇంగ్లీషులో ఒక పంక్తి రాయాలి. చదవలేని మనుమడికి రెండోది పనికివస్తుంది, నేర్చుకున్నవాడికి మొదటిది.

ట్రినిటీ చర్చి ముందు ఆ అయిదేళ్ళ పిల్లవాడి రాయి మూడు వందల నలభై ఏళ్ళకు పైగా నిలిచి ఉంది. ఏ ఘనకార్యమూ చేయనివాడే, అయినా దారినపోయే మనం అతని పేరు పలుకుతున్నాం. మన పెద్దల పేర్లు కూడా అలా పలికేవారుండాలంటే రాయవలసినది మనమే. ఈ ఏడు సంఘం సమావేశంలో ఆ పుస్తకం మొదటి పేజీ తెరవమని కార్యవర్గానికి నా మనవి.